తోపు మనదైతే తాళం ఎవరిది?

కోలారు జిల్లాలో, ఇంటా బయటా తెలుగు వినిపించే ఊరు మాది. మొన్న మృగశిర కార్తెలో మా గుండుతోపులో ఒక సభ జరిగింది. ఇక్కడ 'ఆహారపు అడవి' పెంచుతామని పట్నంనుంచి వచ్చినవారు ప్రకటించారు. మంచిమాటే. బటర్ ఫ్రూట్, రంబుటాన్, డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు దించారు. వాటికి చోటు కావాలని బలుసు పొదలనూ వాక్కాయ చెట్లనూ జేసీబీతో పెళ్ళగించారు. ఆపైన కంచె, గేటు, గేటుకు తాళం.

"అదంతా పిచ్చికంప కదండీ!" అన్నారు వారిలో ఒకాయన.

పిచ్చి కంపదా, మనదా అని అడగడానికే ఈ నాలుగు మాటలు.

గుండుతోపంటే ఏమిటి? పాత మైసూరు సీమలో ఊరుమ్మడిగా పెంచుకున్న తోపు. మామిడి, చింత, నేరేడు, పనస నాటింది మన పెద్దలే. బాటసారికి నీడ, పిల్లలకు పండు, పేదింటికి పులుసు. బెంగళూరు చుట్టుపక్కల ఇలాంటి తోపులు ఊరు పెరిగేకొద్దీ కట్టడాల కింద పోయాయి. మిగిలినవాటినైనా మన చేతులతో మనమే చెరపాలా?

కొత్త మొక్కలకు నేను విరోధిని కాను. మిరప సముద్రాలు దాటి వచ్చిందే. అమెరికా ఖండంనుంచి వచ్చిన సీమచింతకు మనవాళ్ళు పేరుపెట్టి ఇంటిదాన్ని చేసుకున్నారు. వచ్చినదానికి పీట వేసి, ఉన్నదాన్ని గెంటడంమీదే నా తగవు.

మా అవ్వ రాగిచేలో కలుపు తీస్తూనే ఒడి నింపుకొచ్చేది. గురుగు, చెంచలి, పొన్నగంటి, కామంచి. ఆ బెరకాకు పులగూర, రాగిసంగటి, అదే మా వానాకాలం. కామంచి పండు మాగితేనే తినాలి, పచ్చికాయ నోట పెట్టకూడదని నాకు చెప్పింది ఆమే, పుస్తకం కాదు. ఆ మొక్క కన్నడంలో గణికె, తమిళంలో మణత్తక్కాళి. మా మనవలకు ఈ మూడు పేర్లలో ఒక్కటీ తెలియదు. పేరు పోయిన మొక్క కలుపవుతుంది. కలుపన్నాక మందు కొడతారు.

ఇదంతా ముసలివాడి బెంగ అనుకోకండి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు చిరుధాన్యాలతోపాటు, విత్తకుండా మొలిచే ఆకుకూరలనూ తిండిగానే లెక్కవేసి కాపాడుకున్నారు. ఆ సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళకున్న ఎరుక మన ముసలమ్మలకూ ఉంది. అడిగేవారే లేరు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మొక్క నాటేముందు ఊరి అవ్వలను, కలుపు కూలీలను, గొర్రెల కాపరులను వెంటబెట్టుకుని తోపంతా తిరగండి. వాళ్ళు చెప్పిన పేర్లను తెలుగులోనూ కన్నడంలోనూ పలకలమీద రాయించండి. కలుపుమందు తేకండి. ముందు ఆ తాళం తీయండి.

బతికుంటే బలుసాకు తినవచ్చునంటాం. బలుసునే పెరికేశాక బతికున్నవాళ్ళు ఏం తినాలి? నిన్న గేటు దగ్గర ఒక పెద్దమ్మ ఖాళీ ఒడితో నిలబడి నన్నడిగింది: "తోపు మనదే కదా నాయనా, తాళం ఎవరిది?"

నేను బదులు చెప్పలేకపోయాను. సభ పెట్టినవారు చెప్పాలి. ఆ సభలో చప్పట్లు కొట్టిన మనమూ చెప్పాలి.