చలువగది – చలివేంద్రం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దల మాట. ఆ కార్తె గడిచి మృగశిర ప్రవేశించిందంటే మా మెతుకుసీమకు ప్రాణం లేచి వస్తుంది. మెదక్ పట్టణం దక్కను పీఠభూమిపై, సముద్రమట్టానికి 400 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. ఇక్కడ శీతకాలపు రాత్రులలో కంబళి కప్పుకోక తప్పదు. వానకాలం హాయిగా గడిచిపోతుంది. ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే ఎండ మనలను పరీక్షిస్తుంది. పూర్వం ఈ ఊరికి గుల్షనాబాదు అనే పేరు కూడా ఉండేది. పూలతోటల ఊరని ఆ మాటకు అర్థం. అటువంటి ఊరిలో ఇంటికి ఏ.సి. అవసరమా? నిరుడు వేసవిలో మా ఇంట ఈ ప్రశ్న పుట్టింది. ఇది కేవలం డబ్బుకు సంబంధించిన ప్రశ్న అని మొదట అనుకున్నాను. కాదని తరువాత తెలిసింది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, "నాన్నా! నానమ్మకు ఎనభై నాలుగేళ్ళు. ఈసారి ఏ.సి. పెట్టించవలసిందే" అన్నాడు. "మీ తాతముత్తాతలు ఏ.సి. లేకుండా బ్రతకలేదా?" అని నేను ఎదురు ప్రశ్న వేశాను. అడిగిన మరుక్షణమే నా వాదంలోని లోపం నాకే స్ఫురించింది. మా తాతగారు బ్రతికిన ఇల్లు వేరు, నేను కట్టుకున్న ఇల్లు వేరు. ఆయనది డంగు సున్నంతో కట్టిన మందపు గోడల ఇల్లు. పైన గూన పెంకులు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి, వెనుక వేపచెట్టు. పెంకుల సందులలో నుండి వేడిగాలి పైకి పోయేది. రాత్రి వాకిట్లో మంచాలు వేసుకొని పడుకునేవారు. ఆ ఇంటిని పడగొట్టి నేను స్లాబు ఇల్లు కట్టాను. వాకిలి గదిగా మారింది, వేపచెట్టు ఉన్నచోట కారు నిలిచింది. పగలంతా ఎండను త్రాగిన కాంక్రీటు కప్పు రాత్రంతా ఆ వేడిని మాపై కక్కుతుంది. చల్లని ఇంటిని చేజేతులా పోగొట్టుకొని, ఆ ఇంటిలో పెరిగిన పెద్దల ఓర్పును మాత్రం ఈనాటి వారి నుండి ఆశించడం న్యాయం కాదు గదా!

ఎండను తేలికగా తీసిపారేయడం కూడా వివేకం కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా మరణించారు. ఎండలో ముఖ్యంగా చెమట ఆరడం ద్వారా మన దేహం చల్లబడుతుంది. వయసు మీరినవారిలో ఆ శక్తి సన్నగిల్లుతుంది, దాహం కూడా అంతగా తెలియదు. గాలి వేడి దేహపు వేడిని బాగా మించినప్పుడు పంకా విసిరేది చల్లగాలి కాదు, వడగాలి. కనుక ఏ.సి.ని విలాసవస్తువని ఈసడించేవారు ఒక్కసారి మంచం పట్టిన వృద్ధుల వైపు చూడాలి. నేనూ చూశాను. సరే పెట్టిద్దామన్నాను.

మరునాడు మెకానిక్ వచ్చి గోడలు కొలిచాడు. బయటి పెట్టెను సందు వైపు గోడకు బిగించడం సులువని చెప్పాడు. ఆ సందుకు అవతల ఒక రేకుల ఇల్లు ఉన్నది. ఆ ఇంటి ఇల్లాలు వాకిట్లో కూర్చొని బీడీలు చుడుతూ మా మాటలు విన్నది. మెల్లగా లేచి వచ్చి, "గా పెట్టె గిటు దిక్కు పెడుతున్నరా సారూ? మా పోరగాడు గా కిటికి కాడనే పంటడు" అన్నది. ఆ గొంతులో కోపం లేదు. అభ్యర్థన కూడా లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. నాకు మాత్రం నోట మాట రాలేదు.

ఏ.సి. చల్లదనాన్ని సృష్టిస్తుందని మనం భ్రమపడతాం. నిజానికి అది చేసేది వేడిని ఒకచోటి నుండి మరొకచోటికి మోయడమే. ఒక టన్ను, టన్నున్నర అనే కొలతలు యంత్రపు బరువును తెలిపేవి కావు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటలలో కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని ఆ కాలంలో గదిలో నుండి తొలగించే శక్తిని ఒక టన్ను అంటారు. అలా తొలగిన వేడి మాయమైపోదు. యంత్రం వాడుకున్న విద్యుత్తు కూడా చివరకు వేడిగానే మారి, దానితో కలిసి బయటి పెట్టె ద్వారా వీధిలో పడుతుంది. అంటే నా గదిలో తగ్గిన వేడి కంటే పొరుగువారి కిటికీకి చేరే వేడే ఎక్కువ. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్యాలయపు తేమను అదుపు చేయడానికి విల్లిస్ కారియర్ రూపొందించిన విధానం నేడు మన పడకగదులకు చేరింది. కాని ఆ వేడి ఎవరి వాకిటికి చేరుతున్నదో మనం విచారించడం లేదు.

ఆ రాత్రి నాకు నేను చదువుకున్న కావ్యాలు గుర్తుకు వచ్చాయి. కాళిదాస కావ్యాలకు 'సంజీవని' వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి స్వగ్రామం మెదక్‌కు సమీపంలోని కొల్చారమని ప్రతీతి. ఆ గాలి సోకిన నేలపై పుట్టి ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసినవాడిని నేను. మన కావ్యాలలో చల్లదనం రెండు విధాలుగా కనిపిస్తుంది. ఒకటి రాజభవనాలలోది. చందనపు పూతలు, పన్నీటి జల్లులు, తామరాకుల పాన్పులు, వట్టివేళ్ళ వీవనలు – ఇవన్నీ అంతఃపురాల గోడలు దాటని శైత్యోపచారాలు. రెండవది బాటసారిది. దారి ప్రక్కన పందిరి వేసి, కుండలలో నీరు నింపి, వచ్చినవారి కులగోత్రాలు అడగక దాహం తీర్చే చలివేంద్రం. మొదటిది భోగం, రెండవది ధర్మం. మన జాతి గౌరవించి, నేటికీ వేసవి రాగానే కూడలిలో నిలబెట్టుకుంటున్నది ఈ రెండవదానినే. ముందు రంజను నింపి వీధివారికి నీళ్ళిచ్చే మనమే, ఇంటి వెనుక నుండి వారిపైకి వేడిని త్రోయడం ఎంత విడ్డూరం!

అందుచేత మా ఇంట ఒక నిర్ణయం జరిగింది. మొదట ఇల్లు, ఆ తరువాతనే యంత్రం. స్లాబుపై తెల్లగా సున్నం వేయించాము. తెలుపు రంగు ఎండను త్రిప్పికొడుతుంది. పదిహేను రోజులకు లోకప్పుపై అరచేయి ఆనించి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. పడమటి కిటికీలకు వెదురు తడికెలు కట్టాము. సాయంత్రం తలుపులు బార్లా తెరిచి, పొద్దెక్కకముందే మూసివేసే పాత అలవాటును తిరిగి నేర్చుకున్నాము. గేటు ప్రక్కన కానుగ మొక్క నాటాము. ఇంతచేసినా మే నెల మూడవ వారంలో మధ్యాహ్నపు వేడికి అమ్మ తట్టుకోలేకపోయింది. అప్పుడు ఆమె గదికి మాత్రం ఒక ఏ.సి. పెట్టించాము. బయటి పెట్టెను సందు వైపు కాక డాబా మీద, ఎవరి కిటికీకీ ఎదురుకాని చోట అమర్చమన్నాను. అందుకు గొట్టపు ఖర్చు పెరిగింది. ఆ ఖర్చు నాది కాకపోతే, దాని వెల ఆ పిల్లవాడు తన నిద్రతో చెల్లించవలసి వచ్చేది.

యంత్రం వచ్చినంత మాత్రాన వివేకానికి సెలవు ఇవ్వరాదు. 75 వాట్ల పంకా ఎనిమిది గంటలు తిరిగితే యూనిట్‌లో ఆరు పదవ వంతులు ఖర్చవుతుంది. టన్నున్నర ఏ.సి. అంతసేపు నడిస్తే, రకాన్ని బట్టి పది యూనిట్ల వరకు కావచ్చు. ఉష్ణోగ్రతను ఒక్కొక్క డిగ్రీ పెంచిన కొద్దీ సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతున్నది. 2020 జనవరి నుండి స్టార్ ముద్ర ఉన్న గది ఏ.సి.లు మొదట 24 డిగ్రీల వద్దనే పనిచేసేలా నిబంధన వచ్చింది. మా అమ్మకు 27 డిగ్రీలు, నెమ్మదిగా తిరిగే పంకా చాలు. వేసవిలో 18 డిగ్రీలు పెట్టుకొని దుప్పటి కప్పుకోవడం సుఖం కాదు, చాపల్యం.

అయితే ఇది వ్యక్తుల ఔదార్యంతోనే తీరే సమస్య కాదు. నా స్లాబుకు సున్నం వేయించుకోగల స్తోమత నాకున్నది. రేకుల కప్పు క్రింద బీడీలు చుట్టే తల్లి సంగతేమిటి? తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించడం హర్షణీయం. కాని అది పెద్ద స్థలాలలోని కట్టడాలకు దానిని తప్పనిసరి చేసి, చిన్న ఇళ్ళకు ఐచ్ఛికంగా విడిచింది. ఎండ అందరికన్నా ఎక్కువగా బాధించేది ఆ చిన్న ఇళ్ళనే గదా! వారికి సున్నమూ, కూలీ ప్రభుత్వమే సమకూర్చితే అది ఈ కాలపు చలివేంద్రం అవుతుంది. మన ఊరి చర్చి కరవు రోజులలో ఆకలిగొన్నవారికి పని చూపుతూ సాగిన నిర్మాణం. 1924లో పూర్తయిన ఆ కట్టడపు రాతిగోడలు, ఎత్తైన కప్పు నేటికీ మండుటెండలో లోపల అడుగుపెట్టినవారికి ఉపశమనం ఇస్తున్నాయి. చల్లదనాన్ని కట్టడంలోనే ఇమిడ్చే విద్య మనకు కొత్త కాదు.

విద్యార్థులారా! రేపు మీరు ఇళ్ళు కట్టుకుంటారు, యంత్రాలు కొనుక్కుంటారు. కొనవద్దని నేను చెప్పను. కొనబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నా ఇల్లు చల్లబడడానికి చేయవలసినదంతా చేశానా? ఈ యంత్రం ఎవరి అవసరానికి? ఇది విడిచే వేడి ఎవరి వాకిట పడుతుంది? వీటిలో మూడవదాన్ని నేను ఏ గ్రంథంలోనూ చదువుకోలేదు. మా సందు అవతలి ఇల్లాలు నేర్పింది. ఈ వేసవిలో మధ్యాహ్నం పూట ఆమె అత్తగారు వచ్చి మా అమ్మ గదిలోనే కూర్చుంటున్నది. ఇద్దరు ముసలమ్మలూ పాత ముచ్చట్లు చెప్పుకుంటూ ఆ రెండు జాములూ గడిపేస్తున్నారు.