మీరెఱుగుదురా?
ఇంటి చెంతనున్న వింతలు



ప్రతిమాసము ఈ పుటలో కొన్ని ప్రశ్నలు వేసి, వానికి సమాధానములు వ్రాయుచున్నాము. ఈ మాఱు మాత్రము మేమే సమాధానమెఱుగక సిగ్గుపడిన వృత్తాంతముతో ఆరంభింపవలసి వచ్చినది.

గడచిన శ్రావణమున ఎమ్మిగనూరి బంధువులతో గూడి తుంగభద్రాస్నానమునకు పోయితిమి. ఆకసమున మబ్బుతునక లేదు. “వానయే లేదు, వఱద యెక్కడిది?” యని పిల్లలను దిగువ మెట్టుమీద ఆడుకొననిచ్చితిమి. పుట్టి నడుపు వృద్ధుడొకడు చూచి, “అమ్మా, ఈ ఏరు మన మబ్బు చూసి పారదమ్మా! ఎక్కడో వాన పడితే ఇక్కడ పొంగుతాది. పిల్లోళ్లను పైకి పిలువు” అని కేకవేసెను. పిల్లలు పైకి వచ్చిన కొంతసేపటికే ఆ మెట్టు మునిగినది. మా యిత్తడి చెంబు కొట్టుకొనిపోయినది. బాల్యమున అమరకోశములో నదుల పేర్లు వల్లించిన మాకు, చెంతనున్న నది నడక తెలియదాయెను! కావున ఈ నెల ప్రశ్నలన్నియు మన సీమవే.

1. మన యాకసము నిర్మలముగా నుండగా తుంగభద్ర ఏల పొంగును?

తుంగయు భద్రయు పడమటి కనుమలలో, వరాహపర్వతమున గంగామూలమను చోట పుట్టి, శివమొగ్గ జిల్లాలోని కూడలి యొద్ద ఏకమగును. నైరృతి గాలులు సముద్రమునుండి తెచ్చిన నీటిని ఆ కనుమలమీదనే కుమ్మరించును. ఆ ప్రాంతపు ఆగుంబెలో ఏటా 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. కొండలు దాటి వచ్చుసరికి ఆ గాలులు పొడివాఱును. అందుచేత ఆదవాని వైపు అందులో ఇంచుమించు పదవ వంతే దక్కును. వాన వారిది, వఱద మనది! ఇక హోసపేట యొద్ద ఆనకట్టకు 33 గేట్లున్నవి. నీరు విడిచినచో దిగువనున్న మనకు ముప్పు. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. కావున రేవునకు పోవుటకు ముందు ఆకసమును గాక, ఎగువ నీరు విడిచిరా యని విచారింపుడు.

2. సంగీతము నేర్చు బాలిక మొదట పాడు రాగమెయ్యది? దానికి ఈ నదితో సంబంధమేమి?

అది మాయామాళవగౌళ. సరళీస్వరములు, జంటస్వరములు దీనియందే నేర్పుదురు. ఈ పాఠక్రమమును ఏర్పఱచినవారు 1564లో పరమపదించిన పురందరదాసులని సంగీతజ్ఞుల సంప్రదాయము. హంపిలో తుంగభద్ర యొడ్డున వారి పేరిట మండపము కలదు. ఆ చెంతను పాఱిన నీరే మంత్రాలయము మీదుగా మనకు వచ్చును. ఈ రాగమునే ఏల యెన్నుకొనిరి? ఇందు స-రి-గ-మల నడుమ ఎంతెంత దూరమున్నదో, ప-ధ-ని-సల నడుమను అంతే యుండును. సగము పట్టుబడినచో తక్కిన సగము పసిగొంతునకు సులభమగును.

3. మన యింటి ఆట ఏ దూరదేశమున ఆడుదురు?

వామనగుంటలు. మనము వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలలో చింతపిక్కలు పంచి ఆడుదుము. పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశమున వరుసకు ఆఱు చొప్పున పండ్రెండు గుంటలలో, ఇట్లే ఒక్కొక్క గింజ విడుచుచు ఆడుదురు. అచట దీని పేరు ఓవారె. లెక్క నేర్పుటకు ఇంతకన్న చవుకైన పలక లేదు. “పొద్దుపోని ఆట” యని ఆడపిల్లలను కసరకుడు.

4. నేత నేయునట్లు వ్రాసిన వ్రాత ఎచట నున్నది?

పత్తికొండనుండి గుత్తికి పోవు దారిలోని ఎఱ్ఱగుడి యొద్ద, బండలమీద అశోకుని శాసనములున్నవి. అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1929లో వీనిని కనుగొనెను. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దికి చెందిన ఈ బ్రాహ్మీ లిపి సాధారణముగా ఎడమనుండి కుడికి సాగును. ఇచటి చిన్న శాసనమున కొంత భాగము మాత్రము ఒక పంక్తి ఎడమనుండి కుడికిని, మఱియొకటి కుడినుండి ఎడమకును నడచును. ఎమ్మిగనూరి మగ్గముమీద నాడె పోయివచ్చునట్లే! తల్లిదండ్రుల మాట వినవలెనని, ప్రాణులయెడ దయ చూపవలెనని, సత్యము పలుకవలెనని అందున్నది. ఆదవానిలో ఇన్నేండ్లు కాపురముండియు మేము దానిని చూచి వచ్చినది మొన్ననే.

చెంబు పోయినందుకు మాకు విచారము లేదు. పిల్లలు దక్కిరి. అక్షరములు రాని ఆ వృద్ధునకు తెలిసినది మాకేల తెలియలేదన్నచో, మేము ఎన్నడును అడుగలేదు గనుక. మీ యింట బాలికలు “ఏల?” యని ప్రశ్నించునపుడు పని తొందరలో నోరు మూయింపకుడు.

రాబోవు మాసమునకు ప్రశ్న: మన నల్లరేగడి వేసవిలో కాలు దిగునంత నెఱ్ఱెలు విచ్చును గదా, వాన కురిసి వెలసిన పిమ్మట అంత దీర్ఘకాలము తేమను ఎట్లు నిలుపుకొనును? ఇంటిలోని పెద్దలను, పొలమున పనిచేయు స్త్రీలను అడిగి వ్రాయుడు.