ఈగల పెంపకం: కొనేవాడెవరో ముందు తేలాలి

బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పురుగుల్ని ఇంటి దగ్గర పెంచి, ఎండబెట్టి, పెంపుడు కుక్కల ఆహారం తయారుచేసేవాళ్లకు అమ్మితే ఎలా ఉంటుందని సభ్యులు కొందరు అడుగుతున్నారు.

పురుగుల పెంపకమంటే మనకు చిన్నచూపు లేదు. పట్టుపురుగులకు రాత్రింబవళ్లు మల్బరీ ఆకు వేసిన కుటుంబాలు మనవి. ఈ ఈగ కుట్టదు, పంటను ముట్టదు. కూరగాయల చెత్త తిని రెండు మూడు వారాల్లో పురుగు తయారవుతుంది. మిగిలిన పెంట పొలానికి ఎరువు. కాకపోతే రోజూ తడి చూడాలి, కంపు పుట్టకుండా కలియబెట్టాలి. ఆ చాకిరీ ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుందని ఏ కరపత్రంలోనూ రాయరు.

మా భయమంతా అమ్మకం దగ్గరే. పట్టుగూళ్లకు హిందూపురం మార్కెట్ ఉంది. నలుగురి ముందు తూకం, వేలం. ఈ పురుగుకు అలాంటి యార్డు లేదు. గుడ్లు అమ్మినవాడే పురుగు కూడా కొంటానంటే ఏమవుతుందో ఈము పక్షులతో చూశాం. 2012లో తమిళనాడులో ఈము కంపెనీలు మూతపడ్డాయి. మన దగ్గర కూడా కొనే దిక్కులేక, మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసిన రైతులున్నారు. పెద్ద కంపెనీ వెనక ఉందిలే అనుకోవద్దు. ఫ్రాన్సులో పురుగులు పెంచే ఇన్‌సెక్ట్ అనే భారీ కంపెనీ 2023లో పెంపుడు జంతువుల ఆహారం వైపు మళ్లింది. 2024లో అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది.

అందుకని ఎవరికీ డిపాజిట్ కట్టకండి. ధర, తూకం, డబ్బిచ్చే గడువు తెలుగులో రాసిమ్మనండి. అప్పుచేసి షెడ్డు వేసేముందు నాలుగు టబ్బుల్లో పెంచి మీ కోళ్లకే వేసి చూడండి. ఒప్పంద పత్రం ఏదైనా చేతికొస్తే, సంతకానికి ముందు సంఘం ఆఫీసుకు తీసుకురండి. కూర్చుని చదువుదాం.