ఫీడ్ చూపించే ‘నేను’ నేనేనా?

మీ ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఇవాళ ఓ చిన్న పని చేయించండి. కాగితం మీద ‘నేను’ అని రాసి, కింద తనకు నిజంగా నచ్చేవి ఓ పది రాయమనండి. పక్కనే, ఇన్‌స్టా తెరవగానే వచ్చిన మొదటి పది రీల్స్ దేని గురించో రాయమనండి. రెండు జాబితాలూ ఎక్కడ కలిశాయి? ఎక్కడ కలవలేదు? ఆ తేడా ఎవరి నిర్ణయం?

ఈ ప్రశ్న అడగాల్సింది కంప్యూటర్ ల్యాబ్‌లో కాదు, తెలుగు, సోషల్ పీరియడ్లలో.

నా సంగతే చెబుతా. బీటెక్ నాలుగేళ్లలో కోడ్ ఎలా రాయాలో నేర్చుకున్నా. ఏది రాయకూడదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటి ఉద్యోగంలో ఓ యాప్‌కి నోటిఫికేషన్లు రాశా. రాత్రి 11కి పంపితే ఎక్కువ మంది తెరుస్తున్నారని తేలింది. అదే టైమ్ ఖాయం చేసేశాం. అవతల తెల్లారితే పరీక్ష ఉన్న పిల్లాడు ఉండొచ్చన్న మాట ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ ఆ సంస్థ అంతర్గత పత్రాలు బయటపెట్టారు. కొందరు టీనేజ్ అమ్మాయిల్లో తమ శరీరం మీద అసంతృప్తిని ఇన్‌స్టాగ్రామ్ పెంచుతోందని సంస్థ సొంత పరిశోధకులే గుర్తించినట్టు వాటిలో ఉంది. అద్దంలో తనను తాను ఎలా చూసుకోవాలన్నది కోడింగ్ పాఠం కాదు కదా!

‘ఫోన్ లాక్కుంటే సరిపోతుంది’ అంటారు పెద్దలు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఇవ్వడం లేదు. మన దేశంలోనూ 2023 నాటి డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే లెక్కేసింది. వారిని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదంది. చట్టాలు కావాల్సిందే. కానీ వయసు నిండగానే ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికి లోపల ఏముందో అడిగే అలవాటు ఉండాలిగా?

సిలబస్‌కే టైమ్ చాలట్లేదంటారా? కొత్త సబ్జెక్ట్ అక్కర్లేదు, మార్కులూ వద్దు. వారానికి ఒక్క పీరియడ్, పైన చెప్పిన కాగితం, పక్కన కూర్చుని వినే టీచర్ ఉంటే చాలు.

ఇవాళ పదో తరగతి బెంచీ మీద ఉన్నవాళ్లే ఏడెనిమిదేళ్లలో మనం వాడే యాప్‌లు రాస్తారు. నేను అడగని ప్రశ్న ఆ మీటింగ్‌లో వాళ్లయినా అడగాలి. అందుకు ఇప్పుడే అలవాటు పడాలి.