పాత యిత్తడికి పేరు పెట్టుటకు ముందు

పాత సామానుల కొట్టులో వస్తువు యొక్క విలువను త్రాసు నిర్ణయించును. తలుపు గొళ్లెమైనను, రైలు దీపమైనను, ధాన్యము కొలిచిన తవ్వయైనను, కిలో కింతయని వెలకట్టబడి కొలిమికి పోవును. మఱియొక యంగడిలో అట్టి వస్తువునకే మెఱుగు పెట్టి, "ఇది రెండువందల యేండ్ల నాటిది" యని చెప్పి, పదిరెట్ల వెలకు విక్రయింతురు. ఈ రెండు పద్ధతులును సరియైనవి కావని నా యభిప్రాయము. పాత లోహవస్తువును కరగింపవచ్చును, దాచుకొనవచ్చును, అమ్మవచ్చును. కాని యేది చేసినను, ముందుగా అది యేమియో పరీక్షించి తెలిసికొనుట మన విధి. ఈ విధిని విస్మరించుటవలన చరిత్రకును, ధనమునకును, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకును నష్టము వాటిల్లుచున్నది.

మొదట చరిత్రను గూర్చి విచారింతము. పాత తాళములపైనను, దీపములపైనను "ఎమ్. అండ్ ఎస్. ఎమ్. ఆర్." అను పొడి యక్షరములు కనబడవచ్చును. అవి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వేకు గుర్తు. ఆ సంస్థ 1908లో నేర్పడి, 1951 ఏప్రిల్ 14వ తేదీన దక్షిణ రైల్వేలో కలిసిపోయెను. కావున ఆ యక్షరములు గల తాళము ఆ మధ్యకాలపు దని యూహింపవచ్చును. "బి. ఎన్. ఆర్." అని యున్నచో అది వాల్తేరునుండి యుత్తరముగా పోవు బెంగాలు నాగపూరు రైల్వేది. "ఎన్. ఎస్. ఆర్." అని యున్నచో నిజాము రైల్వేది. అట్లే మన పెద్దలు రెండు సోలలు తవ్వయనియు, రెండు తవ్వలు మానికయనియు లెక్కించి ధాన్యము కొలిచిరి. 1956లో తూనికలు కొలతల చట్టము పుట్టి, 1958 అక్టోబరునుండి మీటరు పద్ధతి క్రమముగా అమలులోనికి రాగా, ఆ కొలపాత్రలు బజారు విడిచి అటక లెక్కినవి. వానిపై ముద్రలున్నచో ఆ నాటి వ్యాపారమునకు అవియే సాక్ష్యము. అట్టి వస్తువును చింతపండుతో తోముట మంచిది కాదు. వంటపాత్రకు తగిన శుభ్రత ముద్రగల తూనికకు చేటు తెచ్చును. తోమిన కొలదియు అక్షరము లరిగిపోవును.

పరీక్షకు గొప్ప ప్రయోగశాల యక్కఱలేదు. అయస్కాంతము, త్రాసు, నీటిబిందె యున్న చాలును. ఇత్తడి, రాగియు తుత్తునాగమును కలిసిన మిశ్రలోహము. కంచు, రాగియు తగరమును కలిసినది. ఈ రెంటిని అయస్కాంతము ఆకర్షింపదు. ఆకర్షించినచో పైపూతక్రింద ఇనుమున్నదని తెలియవలయును. వస్తువును పూర్తిగా నీట ముంచి, అది త్రోసివేసిన నీటిని కొలిచి, దాని బరువుతో పోల్చవలయును. ఇత్తడి ఘన సెంటీమీటరునకు సుమారు ఎనిమిదిన్నర గ్రాములు తూగును, సీసము 11.3, బంగారము 19.3 గ్రాములు తూగును.

పిమ్మట మరమేకులను చూడవలయును. చెక్కలో దిగు పాత మరమేకుల మొనలు మొద్దుగా నుండెడివి. యంత్రములచే మొనదేల్చుట 1840 ప్రాంతముల తరువాత వ్యాపించినది. తలపై కూడిక గుర్తువంటి గాడి గల మరమేకునకు హెన్రీ ఫిలిప్స్ 1936లో అమెరికాలో పేటెంటు పొందెను. దీపము నిజముగా రెండువందల యేండ్లదైనచో దానికి అట్టి మేకెట్లు వచ్చెను? తరువాత మరమ్మతులో వచ్చియుండవచ్చును. అందుచేతనే ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పరాదు. అక్షరములు, లోహము, పనితనము, దొరకిన చోటు, ఈ నాలుగును ఏకీభవింపవలయును.

ఇక ధనమును గూర్చి చెప్పెదను. "రైస్ పుల్లింగ్" అను మోసమును గూర్చి మన పత్రికలలో పలుమాఱులు చదివితిమి. పాత రాగిచెంబు పిడుగుపాటువలన ఇరిడియ మయ్యెననియు, అది బియ్యపుగింజలను లాగుకొనుననియు, కోట్ల రూపాయలు పలుకుననియు నమ్మించి, అమాయకుల సొమ్ము హరింతురు. ఇనుపరజను పట్టించిన గింజలను, దాచిన అయస్కాంతమును చూపి కన్నుకట్టుట యిందలి రహస్యము. పిడుగువలన రాగి ఇరిడియము కానేరదు. ఇరిడియము ఘన సెంటీమీటరునకు 22 గ్రాములకు పైగా తూగును. రాగి తొమ్మిది గ్రాములైనను తూగదు. నీటిబిందెతో తేలిపోవు నీ సంగతి తెలియక కుటుంబములు అప్పులపాలగుట విచారకరము. 1818 సంవత్సరము గల యీస్టిండియా కంపెనీ "అణా" లనియు దేవతామూర్తులతో కొన్ని రాగిబిళ్లలు అమ్ముచుందురు. కంపెనీ అట్టి యణాను వేయలేదు. అణా నాణెము మన దేశమున ఇరువదియవ శతాబ్ది మొదటి దశకమున వచ్చినది.

ప్రాణనష్టమునకు నిదర్శనము ఢిల్లీ నగరపు మాయాపురి. 2010లో నచటి పాత సామానుల బజారునకు, వేలములో కొనబడిన యొక పాత పరికరము చేరెను. అందు కోబాల్టు-60 అను ప్రమాదకరమైన పదార్థ మున్నదని యెఱుగక కూలివారు దానిని విప్పిరి. ఒకడు మరణించెను, మఱికొందఱు తీవ్రముగా జబ్బుపడిరి. కావున గుర్తింపరాని సీలువేసిన పెట్టెను గాని, ఫిరంగిగుండును పోలిన వస్తువును గాని కొట్టరాదు, విప్పరాదు. దూరముగా నుండి పోలీసువారికి తెలుపవలయును.

"ఆకలికి చెంబు నమ్ముకొను బీదవానికి ఈ పరీక్షలు చెప్పుట న్యాయమా?" యని కొందఱడుగవచ్చును. అతనిని అమ్మవలదని నే ననుట లేదు. కంచరికి పాతలోహము జీవనాధారము. ఇత్తడి కరగి క్రొత్తపాత్ర యగుటలో దోషము లేదు. పైగా, తన వస్తువేమియో తెలిసినవాడు తక్కువ వెలకు మోసపోడు. కరగుటకు ముందు ఒక గడియసేపు చూచి వ్రాసికొన్నచో ఎవరికిని నష్టము లేదు.

ఈ పని విద్యార్థులకు తగినది. ప్రతి పాఠశాలయందు ఒక పుస్తకముంచి, పిల్లలు తమ యిండ్లలోని పాత లోహవస్తువుల బరువును, కొలతలను, దొరకిన యూరిని అందు వ్రాయవలయును. ముద్రపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అక్షరములు కాగితముపై తేలును, దాని నందతికింపవచ్చును. ఇంటివారు చెప్పిన కథను కూడ వ్రాయవలయును గాని, కంట చూచిన దానితో కలిపి వ్రాయరాదు. వస్తువు అమ్ముడుపోయినను ఈ వ్రాత మిగులును. ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును ఈ చిన్న యత్నమునకు తోడ్పడుదురుగాక.