పెద్ద సుబ్బారావా, చిన్న సుబ్బారావా?

"తెలుగు క్లబ్బా? ప్లేస్‌మెంట్స్‌కి ఏం పనికొస్తుంది?" అని మా బ్రాంచ్‌లో నన్ను అడగనివాళ్లు లేరు. ఇన్నాళ్లూ నవ్వేసి ఊరుకునేదాన్ని. ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ అయ్యాక మాత్రం నా దగ్గర ఒక జవాబుంది.

మా మావయ్యకి గోదావరి డెల్టాలో ఎరువుల కొట్టు ఉంది. బేరం చాలావరకు అప్పుల మీదే. కోతలయ్యాక రైతులు కడతారు. ఆ ఖాతాలన్నీ నేను ఒక డేటాబేస్‌లోకి ఎక్కించి, దాని మీద ఒక ఏఐ ఏజెంట్‌ని కూర్చోబెట్టాను. మావయ్య ఫోన్‌లో "సుబ్బారావు బాకీ ఎంత?" అని అడిగితే అది వెతికి చెప్పాలి. వెతకడానికి దానికి నేనిచ్చిన టూల్ పేరు "సెర్చ్ కస్టమర్". దాని వివరణ ఒకే ఒక్క వాక్యం: "కస్టమర్‌ని వెతుకుతుంది."

మొదటి వారంలోనే పరువు పోయింది. ఏజెంట్ చెప్పిన అంకె నమ్మి మావయ్య ఒకాయనకి ఫోన్ చేసి బాకీ గుర్తు చేశాడు. "సంక్రాంతికే పైసాతో సహా కట్టేశాను కదండీ" అన్నాడాయన. నిజమే, కట్టేశాడు. బాకీ ఉన్నది ఇంకో సుబ్బారావు. ఊళ్లో పెద్దమనిషిని కట్టిన డబ్బు మళ్లీ అడగడమంటే ఎంత తలవంపులో వేరే చెప్పక్కర్లేదు. మావయ్య నన్ను తిట్టలేదు. "మన గుమస్తా అయితే పెద్ద సుబ్బారావా, చిన్న సుబ్బారావా అని అడిగేవాడమ్మా" అన్నాడంతే. తిట్టినా అంత తగిలేది కాదు.

తప్పు మోడల్‌దే అనుకుని ముందు ఇంకా పెద్ద మోడల్‌కి మార్చాను. మళ్లీ అదే కథ. అప్పుడు వెలిగింది. మోడల్‌కి నా కోడ్ కనబడదు, నా టేబుల్ కనబడదు. టూల్‌ని పిలవకముందు దానికి కనబడేవి మూడే: టూల్ పేరు, వివరణ, ఇవ్వాల్సిన పారామీటర్లు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పుడూ ఇదే పద్ధతి, 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ విడుదల చేసినప్పుడూ ఇదే పద్ధతి. నా కోడేమో దొరికిన మొదటి వరుస ఒక్కటే తిరిగిస్తోంది. ఒక్కటే వస్తే ఒక్కడే ఉన్నాడనుకోవడం దాని తప్పెలా అవుతుంది?

పైగా మన పేర్లు. సుబ్బారావుని ఇంగ్లిష్‌లో ఒకే పదంగా రాసేవాళ్లున్నారు, రెండు ముక్కలు చేసేవాళ్లున్నారు, చివర డబ్ల్యూ పెట్టేవాళ్లున్నారు. లక్ష్మికి కొందరు కేఎస్ పెడితే కొందరు ఎక్స్ పెడతారు. ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరమే. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని పారామీటర్లు పెట్టి నేను ఊరుకుంటే, ఏది ఎందులో వెయ్యాలో ఏజెంట్‌కి ఎవరు చెప్తారు?

కోడ్ మార్చాను. వివరణ మళ్లీ రాశాను. తెలుగులో చెప్తే దాని సారాంశం ఇది:

"పేరుతో గానీ ఫోన్ నంబరుతో గానీ రైతు ఖాతా వెతకడానికి. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఇంటిపేరు పొడి అక్షరం ముందు వచ్చేలా ఉంటాయి. ఇంటిపేరు తెలియకపోతే పేరొక్కటే ఇవ్వు. స్పెల్లింగ్ కొంచెం తేడా ఉన్నా ఫర్వాలేదు. ఫోన్ నంబరు 10 అంకెలే, ముందు ప్లస్ 91 వద్దు. పోలిన ఖాతాలు 10 వరకు తండ్రి పేరు, ఊరు, ఖాతా నంబరుతో వస్తాయి. ఒకటికి మించి వస్తే నువ్వు ఎంచుకోకు, ఎవరో అడుగు. ఏమీ రాకపోతే ఈ పేరుతో దొరకలేదని చెప్పు, ఖాతానే లేదని చెప్పకు. బాకీ ఇందులో రాదు. ఖాతా నంబరు తెలిశాక బాకీ టూల్ వాడు."

ఇప్పుడు ఏజెంట్ "ఏ ఊరి సుబ్బారావు?" అని అడుగుతోంది.

మా సీనియర్ ఒకరు "రేపు మోడల్స్ ఇంకా తెలివిమీరతాయి, ఇంత రాయక్కర్లేదు" అన్నారు. నేను ఒప్పుకోను. ఎంత తెలివైన గుమస్తా అయినా, ఊళ్లో ఇద్దరు సుబ్బారావులున్నారని కొలువులో చేరిన మొదటిరోజే ఎలా తెలుస్తుంది? తెలివి వేరు, సమాచారం వేరు. చెప్పనిది ఊహించాల్సి వస్తే, తెలివైనవాడు ఇంకా నమ్మకంగా తప్పు చెప్తాడు.

అలాగని అంతా రాసిపారేయడమూ కాదు. ఒక దశలో నేను పేజీడు రాశాను. ఆ పేజీ ప్రతి ప్రశ్నతోపాటూ మోడల్‌కి వెళ్తుంది, టోకెన్ల ఖర్చు పెరుగుతుంది, అసలు మాట అందులో మునిగిపోతుంది. ఇంకోటి, వివరణ అనేది తాళం కాదు. "అడగకుండా మెసేజ్ పంపకు" అని రాస్తే సరిపోదు. మావయ్య సరే అని నొక్కితే తప్ప మెసేజ్ వెళ్లకుండా కోడ్‌లోనే ఆపాలి.

కానీ ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, చదివేవాడికి ముందే ఏం తెలుసు, ఏం తెలియదు... ఈ ప్రశ్నలు నాకు డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఎదురుకాలేదు. ఈ క్లబ్‌లో నా మొదటి కథ చదివి "ఈ రాముడు ఎవరు? అన్నా, తమ్ముడా? నీకు తెలుసు, మాకు తెలియదుగా" అని మీరు నిలదీసినప్పుడు ఎదురయ్యాయి.

అందుకని ఒక చిన్న పరీక్ష చెప్తాను. కోడ్ పుష్ చేసేముందు మీ టూల్ వివరణ ఒక్కటే కాగితం మీద రాసి, ప్రాజెక్ట్ గురించి ఏమీ తెలియని రూమ్మేట్‌కి ఇవ్వండి. "సుబ్బారావు బాకీ కనుక్కో, ఏం చేస్తావ్?" అని అడగండి. వాడు మిమ్మల్ని ఎదురు ప్రశ్న వేస్తే, దాని జవాబు ఆ కాగితం మీద ఉండాల్సింది. వెళ్లి రాయండి.