గవాచి పోయె, ప్యానెల్ వచ్చె!

పోయిన వేసవిలో హొళగుందలో మా వదిన కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వంటింట్లో మాత్రం లైటు వెలుగుతోంది! "ఏం జేసేది? రెండు పక్కలా పక్కిండ్ల గోడలే. కిటికీకి జాగా యాడుంది?" అంది వదిన.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాత మట్టిమిద్దెల్లో పైకప్పులోనే గవాచి ఉండేది. పొగ పోయేది, వెలుగు వచ్చేది. వానొస్తే పరుగున మిద్దెక్కి దాన్ని మూయడం ఆడవాళ్ల పనే అనుకోండి, అది వేరే సంగతి. స్లాబు రాగానే గవాచి పోయింది.

ఇప్పుడు ఆ స్లాబు మీదికి సోలార్ ప్యానెళ్లు వచ్చాయి. మంచిదే. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే వచ్చింది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కానీ ప్యానెల్ తన మీద పడిన ఎండలో ఇంచుమించు ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటుతో పట్టపగలు దీపం పెట్టుకోవడమేమిటి? పెరట్లో బావి ఉంచుకుని ట్యాంకరు నీళ్లు కొన్నట్టు లేదూ!

"9 వాట్ల బల్బు పది గంటలు వెలిగినా పదో వంతు యూనిట్ కూడా కాలదు. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు అన్నయ్య. లెక్క సరైనదే. ఆయన అంటుండగానే కరెంటు పోయింది. మిద్దె మీద మండుటెండ, వంటింట్లో చీకటి! బ్యాటరీ లేకుండా లైనుకు కలిపిన సోలార్, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా ఆ ఏర్పాటు. ఈ సంగతి బిగించినవాళ్లు వదినకు చెప్పలేదు. చెప్పి ఉంటే అన్నయ్యకే చెప్పి ఉంటారు. చీకట్లో కత్తిపీట ముందు కూర్చునేది ఆయన కాదుగా!

బ్రెజిల్‌లో ఆల్‌ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో సీసాలో నీళ్లు, కాస్త బ్లీచ్ పోసి రేకు కప్పులో బిగించాడు. పగలు అదే దీపం. 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లో 'లీటర్ ఆఫ్ లైట్' వాళ్లు పేదల ఇళ్లలో ఈ సీసాలు పెట్టారు. తర్వాత రాత్రి కోసం చిన్న ప్యానెల్, బ్యాటరీ, బల్బు జతచేశారు. ఆ వరస నాకు నచ్చింది. ముందు వెలుగుకు దారి, తర్వాతే కరెంటు.

ఇల్లు కట్టుకునేవాళ్లు స్లాబు పోయకముందే వంటగట్టు పైన అడుగు చదరం ఖాళీ వదలమనండి. చుట్టూ నీళ్లు దిగకుండా గట్టు, పైన మందపాటి గాజు. పెద్దది వద్దు, మన ఎండకు వంటిల్లు పెనమైపోతుంది. ప్యానెళ్లు దాన్ని కప్పకుండా చూసుకోండి. పోసేసిన స్లాబును కోయాలంటే మాత్రం ఇంజనీరును అడగందే కడ్డీ ముట్టుకోనివ్వకండి.

వదిన మేస్త్రీని పిలిపించింది. "మళ్లా గవాచేనా అమ్మా?" అని నవ్వాడట.